‘వలెను’ ఎవరు తీసేశారు?

మా అపార్ట్‌మెంటు యజమానుల సంఘం నిబంధనావళి పాతబడిపోయిందని, దాన్ని తిరగరాయాలని గత ఏడాది సర్వసభ్య సమావేశంలో తీర్మానించారు. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మాది ఐదంతస్తుల భవనం. సంఘం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదై ఉంది కాబట్టి నిబంధనావళిలో రాసుకున్న ప్రతి మాటకూ విలువ ఉంటుంది; రేపు తగాదా అంటూ వస్తే అందరూ తెరిచి చూసేది దాన్నే. ఐదుగురితో ఒక ఉపసంఘం వేశారు. సిరిపురంలో నేను పనిచేసే కార్యాలయంలో పొద్దస్తమానం ఒప్పంద పత్రాలు సరిచూడటమే నా ఉద్యోగం కనుక నన్ను కూడా అందులో చేర్చారు. మూడు నెలలు ముసాయిదా చేతులు మారింది. చివరికి ఒక ఆదివారం సాయంత్రం సెల్లారులో కుర్చీలు వేసి, అందరి ముందు దాన్ని చదవడం మొదలుపెట్టాం.

చదువుతున్నది పోర్టులో పనిచేసి విరమణ పొందిన పెద్దాయన. పదకొండో నిబంధన దగ్గర ఆయన ఆగిపోయారు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ మొదటినుంచి చదివారు: “ప్రతి సభ్యుడును నిర్వహణ రుసుమును ప్రతి నెల 10వ తేదీలోగా చెల్లించవచ్చును.” కాగితం మోకాలి మీద పెట్టి, “ఇదేటండీ, చెల్లించవచ్చునేటి? ఇష్టమైతే కట్టొచ్చు, లేకపోతే మానొచ్చనా?” అని అడిగారు. అందరి చూపులూ మూడో అంతస్తులో ఉండే టీచరమ్మగారి వైపు తిరిగాయి, ముసాయిదా మొదట టైపు చేసింది ఆవిడే కాబట్టి. “నేను ‘చెల్లించవలెను’ అనే రాశాను బాబూ. ఎవరు మార్చారో నాకు తెలియదు” అన్నారావిడ. ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పిన మనిషి, ‘వలెను’కీ ‘వచ్చును’కీ తేడా తెలియకుండా రాశారని ఎవరైనా అనుకుంటారేమోనన్న బాధ ఆవిడ ముఖంలో కనిపించింది. బకాయి పడినవాళ్లెవరో కావాలనే మార్పించి ఉంటారని వెనక వరుసలోంచి ఒక మాట కూడా వినిపించింది. సమావేశం అక్కడితో వాయిదా పడింది.

ఆ రాత్రి వాట్సాప్ గ్రూపు తెరిచి చూస్తే నిబంధనావళి ప్రతులు ఆరు ఉన్నాయి. ‘బైలాస్ ఫైనల్’, ‘బైలాస్ ఫైనల్ 2’, ‘బైలాస్ ఫైనల్ కరెక్టెడ్’, ఇలా ప్రతిదీ తానే చివరిదని చెప్పుకుంటోంది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ప్రతి దిద్దుబాటునూ గుర్తుపెట్టి చూపే ట్రాక్ ఛేంజెస్ ఒక్కదాంట్లోనైనా ఆన్ చేసి లేదు. అంటే ఎవరు దిద్దినా ఆ దిద్దుబాటు ఎలాంటి గుర్తూ మిగల్చకుండా వాక్యంలో కలిసిపోయింది. కార్యాలయంలో రోజూ ఇతరులకు చెప్పే జాగ్రత్తను మా ఇంటి పత్రం విషయంలో మొదటి రోజే చెప్పకపోవడం నా తప్పు. ఆ తప్పు దిద్దుకునే ప్రయత్నంలో తెలిసినవి, అంతకుముందే తెలిసినవి, కలిపి ఇక్కడ రాస్తున్నాను. సంఘాల తీర్మానాలు, అద్దె ఒప్పందాలు, సంచికల వ్యాసాలు, పెళ్లి ఖర్చుల పట్టికలు, ఏవైనా సరే నలుగురు కలిసి ఒకే ఫైలు మీద పనిచేసేవాళ్లకు ఇవి అవసరమవుతాయి.

గుర్తులేని మార్పును పట్టుకోవడానికి వర్డ్‌లో ఉన్న సాధనం కంపేర్. రివ్యూ ట్యాబులో ఉంటుంది. పాత ప్రతి ఏదో, కొత్త ప్రతి ఏదో చూపిస్తే, రెండింటినీ పోల్చి, తేడాలన్నిటినీ ట్రాక్ ఛేంజెస్ గుర్తులుగా చూపించే మూడో ఫైలును తయారుచేసి ఇస్తుంది. అసలు ప్రతులు రెండూ చెక్కుచెదరవు. పోల్చేముందు ‘మోర్’ అన్న బొత్తాము నొక్కితే, తేడాలను అక్షరం స్థాయిలో చూపాలా, పదం స్థాయిలో చూపాలా అని అడుగుతుంది. తెలుగుకు పదం స్థాయే ఉంచుకోవాలి, ఎందుకో కింద చెబుతాను. ఆరు ప్రతులనూ వచ్చిన తేదీల వరుసలో పెట్టి, ఒకటోదాన్ని రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో, అలా పక్కపక్క జతలుగా పోలుస్తూ పోయాను. మూడుకీ నాలుగుకీ మధ్య దొరికింది. ఒక్కచోట కాదు, తొమ్మిది చోట్ల ‘వలెను’ పోయి ‘వచ్చును’ వచ్చింది. “అధ్యక్షుడు సంవత్సరమునకు ఒకసారి సర్వసభ్య సమావేశమును జరుపవచ్చును” అని నాలుగో నిబంధనలో ఉంది. ఆ సాయంత్రం దాన్ని గట్టిగానే చదివారు, అందరం విన్నాం, ఒక్కరం కూడా గమనించలేదు.

తొమ్మిది చోట్ల ఒకే మార్పు అంటే మనిషి కూర్చుని దిద్దింది కాదు. నాలుగో ప్రతి పంపిన సభ్యుణ్ణి మర్నాడు ఉదయం అడిగితే విషయం తేలింది. రాలేని సభ్యుడు తన తరఫున ప్రతినిధిని పంపవచ్చునన్న అర్థం రావాల్సిన చోట టీచరమ్మగారు పొరపాటున ‘పంపవలెను’ అని రాశారు. ఈయన దాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. ఇంట్లో కంప్యూటరు లేక ఫైలును ఒక డీటీపీ సెంటరుకు తీసుకెళ్లి, ‘వలెను’ తీసేసి ‘వచ్చును’ పెట్టమని చెప్పారు. అక్కడి కుర్రాడు ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, ‘రీప్లేస్ ఆల్’ నొక్కాడు. తెలుగులో ‘వలెను’ క్రియకు అతుక్కుని ఉంటుంది కాబట్టి చెల్లించవలెను, జరుపవలెను, సమర్పించవలెను, అన్నీ ఒక్క దెబ్బకు మారిపోయాయి. ఎవరి మనసులోనూ ఏ దురుద్దేశమూ లేదు. అయినా ఒక రాత్రంతా ఒక పెద్దావిడ మీద, బకాయిలున్న రెండు కుటుంబాల మీద అనుమానం నిలిచింది. ట్రాక్ ఛేంజెస్ ఆన్ చేసి ఉంటే ఆ తొమ్మిది మార్పులూ ఎర్రగా కళ్లముందుండేవి. పంపించే ముందు ఆయనే చూసుకుని ఉండేవారు.

కంపేర్ ఏం మారిందో చెబుతుంది కానీ ఎవరు మార్చారో చెప్పదు. తేడాల పక్కన కనిపించే పేరు మనం పోల్చేటప్పుడు పెట్టిన పేరే. ఎవరు, ఎప్పుడు అన్నవి కావాలంటే మార్పు జరుగుతున్నప్పుడే నమోదు కావాలి. ఆ పని ట్రాక్ ఛేంజెస్‌ది. అది లోపల ఏం చేస్తుందో ఒకసారి కళ్లారా చూస్తే దాని మీద గురి కుదురుతుంది. వర్డ్ 2007 నుంచి వస్తున్న డాక్స్ (.docx) ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దాని నకలు ఒకటి తీసి, చివరనున్న డాక్స్ అన్న తోకను జిప్ అని మార్చి విప్పితే, లోపల ‘వర్డ్’ అనే ఫోల్డరులో ‘డాక్యుమెంట్’ అన్న ఎక్స్ఎంఎల్ ఫైలు కనిపిస్తుంది. మనం చేర్చిన మాట చుట్టూ ‘ఇన్స్’ అనీ, కొట్టేసిన మాట చుట్టూ ‘డెల్’ అనీ ట్యాగులుంటాయి. ఒక్కో ట్యాగులో మార్చినవారి పేరు, తేదీ, సమయం ఉంటాయి. కొట్టేసిన మాట ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. ఆ మార్పును ఎవరైనా యాక్సెప్ట్ చేసిననాడే అది ఫైలులోంచి వెళ్లిపోతుంది, రిజెక్ట్ చేస్తే మళ్లీ వాక్యంలోకి వస్తుంది.

ఇది అర్థమైతే చాలామంది చేసే ఒక పెద్ద పొరపాటు తప్పుతుంది. రివ్యూ ట్యాబులో నాలుగు చూపులుంటాయి: సింపుల్ మార్కప్, ఆల్ మార్కప్, నో మార్కప్, ఒరిజినల్. నో మార్కప్ పెట్టగానే ఎర్ర గీతలన్నీ మాయమై పత్రం కడిగిన ముత్యంలా కనబడుతుంది. దాన్ని చూసి మార్పులన్నీ ఖాయమైపోయాయనుకుని ఫైలు పంపేసేవాళ్లను నేను ఏటా చూస్తూనే ఉంటాను. అది తెర దించడం మాత్రమే. అవతలివాళ్లు ఆల్ మార్కప్ అని నొక్కితే కొట్టేసినవి, రాసినవి, మళ్లీ కొట్టేసినవి అన్నీ వాళ్ల ముందుంటాయి.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త పడాలి. మార్పు పక్కన కనిపించే పేరు ఆ కంప్యూటరులో వర్డ్ ఆప్షన్స్‌లో ఎవరి పేరుందో సాధారణంగా అదే; మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి ఉంటే ఆ ఖాతా పేరు పడుతుంది. నెట్ సెంటరు కంప్యూటర్లలో అది ‘యూజర్’ అనో ‘అడ్మిన్’ అనో ఉంటుంది. పిల్లవాడి ల్యాప్‌టాప్ మీద తాతగారు దిద్దితే పిల్లవాడి పేరే పడుతుంది. దిద్దడానికి కూర్చునే ముందు ఆప్షన్స్‌లో పేరు సరిచూసుకోవడం అరనిమిషం పని. కొత్త వర్షన్లలో ట్రాక్ ఛేంజెస్ కింద ‘ఫర్ ఎవ్రీవన్’, ‘జస్ట్ మైన్’ అని రెండు దారులున్నాయి. రెండోది ఎంచుకుంటే మన మార్పులే నమోదవుతాయి, మిగతావాళ్లవి కావు. సంఘం పత్రానికి మొదటిదే ఉండాలి. దాన్ని మరొకరు ఆపేయకుండా ‘లాక్ ట్రాకింగ్’ అని పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుంది. అలవాటు కొద్దీ ఎవరైనా ఆపేస్తారేమోనన్న భయానికి అది చాలు. పట్టుబట్టి విప్పాలనుకునేవాణ్ణి మాత్రం అది ఆపలేదు.

తెలుగు పత్రాలకు ప్రత్యేకంగా రెండు చిక్కులున్నాయి, వీటిని ఎక్కడా ఎవరూ చెప్పగా నేను వినలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మొదటిది గుణింతం. ‘రుసుము’లో ఒక్క కొమ్ము మాత్రమే సరిచేయాలని గుణింతపు గుర్తును చెరిపి ఇంకొకటి పెడితే, వర్డ్ ఆ గుర్తును మాత్రమే వేరు చేసి ఒకటి కొట్టివేతగా, ఒకటి చేర్పుగా చూపుతుంది. హల్లు నుంచి విడిపోయిన గుణింతం ఒక్కోసారి చుక్కల వలయం మీద వేలాడుతూ కనబడుతుంది. చదివేవారికి అసలు మాట ఏమిటో, దిద్దిన మాట ఏమిటో తెలియదు. అందుకే ఒక్క ఒత్తు మార్చాలన్నా మాట మొత్తం ఎంచుకుని కొత్తగా టైపు చేయమని మావాళ్లకు చెప్పాను. అప్పుడు పాత మాట నిండుగా కొట్టివేతలో, కొత్త మాట నిండుగా దాని పక్కన ఉంటాయి. కంపేర్‌లో పదం స్థాయి ఉంచుకోమన్నది కూడా ఇందుకే.

రెండోది కంటికి కనబడని అక్షరం. ‘అపార్ట్‌మెంట్‌లో’ అని రాసేటప్పుడు ట్ కింద మ ఒత్తుగా, ల ఒత్తుగా పడిపోకుండా విడిగా నిలవడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే ఒక కనబడని గుర్తు చేరుతుంది. తరువాత ఎవరో ‘లో’ తీసేస్తే ఆ గుర్తు మాట చివర అలాగే ఉండిపోతుంది. కంటికి రెండు మాటలూ ఒక్కటే, కంప్యూటరుకు వేర్వేరు. మా ఆరు ప్రతులను పోల్చినప్పుడు ఏ తేడా లేకుండానే ఎర్రబడిన మాటలు పదుల్లో వచ్చాయి. వాటిని చూసి ఏమీ మారకుండానే మారిందంటోందని కంపేర్ మీద నమ్మకం పోగొట్టుకోకూడదు. ఫైండ్ అండ్ రీప్లేస్‌లోనూ ఇదే బాధ: గుర్తున్న మాటను వెదికితే గుర్తులేని మాట దొరకకపోవచ్చు, ఒకటి దొరికి ఒకటి మిగిలిపోవచ్చు. ఇక సంఘం మొదటి నిబంధనావళి ‘అను’ అనే పాత తరం తెలుగు ఫాంట్లలో టైపు చేసింది. అలాంటి యూనికోడు (ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే అక్షరాల పద్ధతి) కాని పాత ఫైలును యూనికోడులోకి మార్చకుండా కొత్తదానితో పోలిస్తే పేజీ పేజీ అంతా ఎర్రబడటం తప్ప ప్రయోజనం లేదు. మార్చినా, మార్పిడిలో దొర్లిన తప్పులన్నీ తేడాలుగా వస్తాయి. దాన్ని పక్కన పెట్టుకుని కళ్లతో చదవడమే మేలు.

కామెంట్ల గురించి ఒక్క మాట చెబుతాను. మార్పు ‘ఏమిటో’ ట్రాక్ ఛేంజెస్ చెబుతుంది, ‘ఎందుకో’ చెప్పవలసింది కామెంటు. “ఇది బాగోలేదు”, “మళ్లీ చూడండి” అన్న కామెంట్లు ఎవరికీ ఉపయోగపడవు. ఆ సంఘటన తరువాత టీచరమ్మగారు రాసిన ఒక కామెంటును నేను మా కార్యాలయంలో కొత్తగా చేరినవాళ్లకు చూపిస్తున్నాను: “ఇక్కడ ‘సభ్యులు’ అంటే ఫ్లాటు యజమానులా, అద్దెకుంటున్నవారు కూడానా? రెండో నిబంధనలో యజమానులని నిర్వచించాం. ఇరవయ్యో నిబంధనలో పార్కింగు గురించి రాసేటప్పుడు అద్దెవారిని కూడా ఉద్దేశించినట్టుంది. ‘నివాసితులు’ అని మార్చమంటారా?” సందేహం ఏమిటో, ఎక్కడినుంచి వచ్చిందో, తన సూచన ఏమిటో మూడూ ఉన్నాయి. జవాబు రాసేవారికి తోవ కనబడుతుంది. చర్చ ముగిశాక ఆ కామెంటును డిలీట్ చేయకుండా రిజాల్వ్ చేయాలి. మళ్లీ ఆరు నెలలకు అదే ప్రశ్న వచ్చినప్పుడు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు తాళాల సంగతి. వర్డ్‌లో రక్షణ పేరుతో కనిపించేవన్నీ ఒక్క రకం తాళాలు కావు. ‘మార్క్ యాజ్ ఫైనల్’ అనేది తలుపుకు తగిలించిన బోర్డు లాంటిది. తెరిచినవారు ‘ఎడిట్ ఎనీవే’ అని నొక్కితే తొలగిపోతుంది. సేవ్ చేసేటప్పుడు పెట్టే ‘పాస్‌వర్డ్ టు మాడిఫై’ కూడా దాదాపు అంతే, చదవడానికి మాత్రమే తెరిచి వేరే పేరుతో సేవ్ చేసుకుంటే ఆ నకలును ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. ‘రిస్ట్రిక్ట్ ఎడిటింగ్’ వీటికంటే పనికొచ్చేది. దాంట్లో మార్పులే వద్దనవచ్చు, కామెంట్లు మాత్రమే అనవచ్చు, ఖాళీలు నింపడం మాత్రమే అనవచ్చు, మార్పులు చేయనిచ్చి ప్రతి మార్పూ ట్రాక్ అయ్యేలా కట్టడి చేయవచ్చు. మార్పులు వద్దన్నప్పుడు కొన్ని భాగాలను మినహాయించే వీలు కూడా ఉంది: నిబంధనలన్నీ బిగించి, చివరి పేజీలో సభ్యుల సంతకాల పట్టిక మాత్రం తెరిచి ఉంచామనుకోండి, నింపవలసినవాళ్లు అక్కడే నింపగలరు. నా దృష్టిలో సంఘాలకు అన్నిటికంటే అవసరమైనది ఇదే. అయితే ఇది పొరపాట్లను ఆపే కంచె. దొంగను ఆపే గోడ కాదు.

గోడ కావాలంటే ‘ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్’ ఒక్కటే. ఫైల్ మెనూలో ఇన్ఫో కింద ఉంటుంది. పాస్‌వర్డ్ లేకుండా ఫైలు తెరుచుకోదు, జిప్‌గా మార్చి విప్పబోయినా లోపల ఏమీ తెలియదు. వర్డ్ 97 నుంచి 2003 వరకు పాత డాక్ ఫైళ్లకు వాడిన రక్షణ చాలా బలహీనమైనది. 2007 నుంచి ఏఈఎస్ అనే బలమైన పద్ధతి వచ్చింది, తరువాతి వర్షన్లలో 256 బిట్ల తాళంచెవి వాడుతున్నారు. కాబట్టి పాత డాక్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి ధీమాగా ఉండేవాళ్లు ముందు దాన్ని డాక్స్‌గా సేవ్ చేసుకోవాలి. ఈ తాళానికి మారు తాళంచెవి లేదు. పాస్‌వర్డ్ మరచిపోతే మైక్రోసాఫ్ట్ కూడా తెరిచి ఇవ్వలేదు. మా సంఘంలో పాస్‌వర్డును కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, కోశాధికారి గారి బీరువాలో ఉంచాం. ఫైలు ఈమెయిల్లో పంపితే పాస్‌వర్డ్ ఫోనులో చెబుతాం. రెండూ ఒకే ఈమెయిల్లో పంపితే తాళం వేసి చెవిని దానికే వేలాడదీసినట్టు.

నేను చాలా ఏళ్లుగా ఈ పని చేస్తూ గట్టిగా నమ్మేదేమిటంటే, పత్రం మన మధ్య ఉన్నంతకాలం అన్నీ గుర్తుంచుకోవాలి, గడప దాటేముందు అన్నీ మరచిపోవాలి. ఈ రెండూ ఒకే ఫైలుతో కుదరవు. గుర్తుంచుకునే ప్రతి ఒకటి, మరచిపోయిన ప్రతి ఒకటి ఉండాలి. మా కార్యాలయంలో చాలాకాలం కిందట ఒక ధరల ప్రతిపాదన పంపించినప్పుడు, “ఇంకో ఐదు శాతం తగ్గించినా మనకు గిట్టుబాటవుతుంది, కానీ ముందే చెప్పొద్దు” అన్న కామెంటు లోపల ఉండిపోయింది. నో మార్కప్‌లో చూసి పంపాం. అవతలివాళ్లు మర్యాదస్తులు, దాని గురించి ఒక్క మాటా అనలేదు. సరిగ్గా ఐదు శాతం తగ్గించమని అడిగారు. ఇంతకంటే పెద్దవాళ్లకూ ఈ దెబ్బ తగిలింది. 2003 ఫిబ్రవరిలో ఇరాక్ గురించి బ్రిటిష్ ప్రభుత్వం విడుదల చేసిన నివేదికను వర్డ్ ఫైలుగానే వెబ్‌సైటులో పెట్టారు. ఆ ఫైలులో దాగి ఉన్న చిట్టాలో చివరి పది సార్లు దాన్ని ఎవరెవరు సేవ్ చేశారో పేర్లతో సహా బయటపడింది. నివేదికలో చాలా భాగం ఒక పరిశోధక విద్యార్థి వ్యాసం నుంచి ఎత్తి రాసినదని అప్పటికే తేలి ఉండటంతో, ఆ పేర్ల మీద పెద్ద రభసే జరిగింది.

మరచిపోయేలా చేసే సాధనం డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్. ఇది వర్డ్ 2007తో వచ్చింది. కామెంట్లు, మిగిలిపోయిన మార్పులు, దాచిన అక్షరాలు, రచయిత పేరు వంటివన్నీ వెదికి చూపి, తీసేయమంటే తీసేస్తుంది. దాన్ని ఎప్పుడూ నకలు మీదే నడపాలి. పని జరుగుతున్న ప్రతి మీద నడిపితే, వ్యక్తిగత సమాచారం తీసేయడంలో భాగంగా మార్పుల పక్కనున్న పేర్లన్నీ పోయి, అందరూ ‘ఆథర్’ అయిపోతారు. ఆ సెట్టింగు తరువాత తీసేసినా పోయిన పేర్లు తిరిగి రావు. టీచరమ్మగారు దిద్దింది, పోర్టు పెద్దాయన దిద్దింది, నేను దిద్దింది అన్నీ ఒకే అనామకుడి ఖాతాలో పడతాయి. అలాగే సభ్యుల ఆధార్ సంఖ్యల మీద నల్ల రంగు హైలైట్ పూసి పీడీఎఫ్ చేసి పంపేవాళ్లున్నారు. ఆ నలుపు కింద అంకెలు అలాగే ఉంటాయి, ఎంచుకుని కాపీ చేస్తే వచ్చేస్తాయి. అంకెలను చెరిపేసి, చివరి నాలుగు మాత్రమే ఉంచి, అప్పుడు పీడీఎఫ్ చేయాలి.

కలిసి రాయడం గురించి మా సంఘానికి ఒక పాత గాయం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు, సంఘం గది కిటికీ అద్దాలు పగిలి, లోపలికి కొట్టిన వానలో మినిట్స్ పుస్తకాలు రెండు నానిపోయాయి. వాటితో పాటు అదే బల్ల మీదున్న కంప్యూటరు కూడా పోయింది. ఏ తీర్మానం ఏ రోజు జరిగిందో ఇప్పటికీ కొన్ని సంవత్సరాలకు మా దగ్గర ఆధారం లేదు. ఒక్కచోట ఉన్న ఫైలుకు ఎంత పెద్ద పాస్‌వర్డ్ పెట్టినా అది రక్షణ అనిపించుకోదని ఆ తుపాను తరువాత నాకు బోధపడింది. ఈసారి నిబంధనావళిని వన్‌డ్రైవ్ అనే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలో పెట్టి, ఉపసంఘం ఐదుగురికీ దారి ఇచ్చాం. వర్డ్ 2010 నుంచే ఒకే పత్రాన్ని పలువురు ఒకేసారి తెరిచి రాసుకునే వీలుంది, ఒకరు రాసింది మరొకరికి అప్పటికప్పుడు కనబడటం 2016తో వచ్చింది. పక్కవారి కర్సర్ ఏ వాక్యం మీద ఉందో కనబడుతుంది, వర్షన్ హిస్టరీలో పాత ప్రతులు తేదీల వారీగా ఉంటాయి. ఆ రీప్లేస్ ఆల్ ఇక్కడ జరిగి ఉంటే, అంతకుముందు క్షణం నాటి ప్రతిని తెరిచి చూడటం రెండు నిమిషాల పని.

గూగుల్ డాక్స్ వాడేవాళ్లకు ట్రాక్ ఛేంజెస్‌కు బదులు సజెస్టింగ్ అనే పద్ధతి 2014 నుంచి ఉంది. అక్కడ చూసేవారు, కామెంటు చేసేవారు, దిద్దేవారు అని మూడు హోదాలుంటాయి. లింకు ఉన్న ఎవరైనా దిద్దవచ్చునన్న ఏర్పాటుతో సంఘం పత్రాన్ని వాట్సాప్‌లో పెట్టడం మాత్రం, వీధి తలుపు తీసి ఊరు వెళ్లడమే. పేరు పేరునా ఈమెయిల్ చేర్చడం కాస్త శ్రమే అయినా, మార్పు పక్కన మనిషి పేరు ఉండాలంటే అదే దారి.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఎన్‌క్రిప్ట్ చేసి పాస్‌వర్డ్ పెట్టిన వర్డ్ ఫైలు మీద నలుగురూ ఒకేసారి కలిసి పనిచేయలేరు. పని జరిగినంతకాలం తాళం బదులు ఎవరెవరికి దారి ఇచ్చామన్నదే రక్షణ. పని పూర్తయి, దాచుకునే ప్రతి తయారయ్యాకే పాస్‌వర్డ్. దీంతో పాటు మేము ఇంకొక కట్టుబాటు పెట్టుకున్నాం: ఎవరైనా సూచించవచ్చు, యాక్సెప్ట్ లేదా రిజెక్ట్ నొక్కేది మాత్రం కార్యదర్శి గారు ఒక్కరే, అది కూడా ఉపసంఘం కూర్చున్నప్పుడే. తన సూచనను తానే యాక్సెప్ట్ చేసుకునే వీలుంటే గుర్తులు పెట్టుకున్న ప్రయోజనమే పోతుంది.

తొమ్మిదింటిలో ఎనిమిది చోట్ల ‘వలెను’ తిరిగి వచ్చింది. ప్రతినిధి దగ్గర మాత్రం ‘పంపవచ్చును’ అనే ఉంచాం, డీటీపీ సెంటరుకు వెళ్లినాయన చూపిన తప్పు నిజమైన తప్పే కాబట్టి. ఆ మార్పును ఈసారి ఆయన పేరుతోనే పెట్టించాను. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఇరవై మూడో నిబంధనలో “సభ్యులలో మూడింట రెండు వంతుల మంది ఆమోదముతో సవరణ చేయవలెను” అని ఉంటే, పోర్టు పెద్దాయన ముందు ‘హాజరైన’ అన్న మాట చేర్చారు. సభ్యుల్లో మూడింట రెండు వంతులంటే అమెరికాలోనూ హైదరాబాదులోనూ ఉంటున్న యజమానులను కూడా కూడగట్టాలి, అది జరిగే పని కాదని ఆయన కామెంటు. హాజరైనవారు చాలంటే వానాకాలంలో పన్నెండుమంది కూర్చుని నిబంధనావళిని మార్చేయగలరని టీచరమ్మగారి జవాబు. దాని కింద మరో ఏడు జవాబులున్నాయి. ఒకే ఒక్క మాట, ఆకుపచ్చ గీతతో, ఆయన పేరుతో, తేదీతో అక్కడే ఉంది. కార్యదర్శి గారు దాన్ని యాక్సెప్ట్ చేయలేదు, రిజెక్ట్ చేయలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో సెల్లారు గోడ మీద ప్రొజెక్టరు పెట్టి, ఆ కామెంట్లన్నీ అందరికీ చూపించి, అప్పుడు నొక్కుతారు.